పుర్రచేతి వాటం

యాకూబ్ పాతసామాన్ల కుప్పల
వంకరపోయిన సైకిల్ రిమ్ముకు, పగిలిన మోటరు బాడీకి నడుమ
మొఖం కిందికి పెట్టి పండుకున్నదది.
కత్తి అనుకోనీకె ఆధారం లేదు.
తుప్పుకు పిడి మొలిచినట్టున్నది.

"దేనిది భాయ్ ఇది?"
"తూకానిది" అన్నడు.
ఆరువందల నలభై గ్రాములు.
యాభై నోటు తీస్కొని చిల్లర లేదన్నడు.

గోనెపట్టల చుట్టి కాశిబుగ్గ దాకా తెస్తుంటే
సిగ్నల్ కాడ హోంగార్డు ఒక్కసారి చూసిండు.
తప్పేం చెయ్యకున్నా చెమటపట్టింది.
గడపల సుగుణ వదిన,
"ఎవలి మీద కోపమయ్యా?"

మోటర్లు వైండింగ్ చేసే చేతులు నావి.
రాగితీగె మాట వింటది.
ఇనుము వినదు, నానబెట్టాలె.

పిడి తడవకుంట నిలబెట్టి
చింతపండు పులుసుల రెండు రాత్రులు.
మూడోనాడు బకీట్ల నీళ్లు
మోదుగుపూలు ఉడకబెట్టిన రంగు.
ఇటుకపొడి, కొబ్బరిపీచు, గరుకు కాయితం,
ఆఖరికి నా బనీను ముక్క.
తుప్పు కింద నలుపు,
నలుపు కింద ఇంకో నలుపు,
దాని కింద
మూడు చుక్కలు, ఒక నెలవంక.
ఇనుము ఎర్రగ ఉన్నప్పుడు
ఎవలో కమ్మరి పెట్టిన దస్కతు.

రంగశాయిపేట కమ్మరి ఓదేలు
గోటితోని కొట్టి చెవికాడ పెట్టుకున్నడు.
"లారీ కమాన్‌పట్టి. పాత లారీ.
గిప్పటి ఇనుము గింతసేపు మోగుతదా?"
ముద్ర మాత్రం వాళ్ల తాతది కాదట.

తాళ్లెక్కే సాయిలు గౌడు దూరంకెల్లే తలూపిండు.
"మా కత్తి గాలిని గీస్తది.
ఇది బరువును నమ్ముకున్నది."
మటన్‌కొట్టు ఖలీల్ అంచు మీద బొటనవేలు అడ్డంగ జరిపి
"బొక్కను ఎరగదు" అన్నడు.

ఏం కాదో తెలుస్తున్నకొద్దీ
నాకు దాని మీద పానం పోతున్నది.

ఒక్క మచ్చ పోలె.
పిడికి బెత్తెడు దూరంల, మబ్బుతునక లెక్క.
అక్కడ రుద్దుడు ఆపిన.
ఆ రాత్రి నిద్ర పట్టలె.
ఈ జిల్లాల కత్తికి కతలు తక్కువున్నయా?

మేదరివాడల నాంపెల్లవ్వ
అంచు చూడలె, ముద్ర చూడలె.
వీపు చూసింది.
వీపు పొడుగునా ఇనుము అణిగి
రెండు దిక్కులకు పెదవుల్లెక్క ఒరిగి ఉన్నది.
"ఇది కొట్టలె బిడ్డా, దెబ్బలు తిన్నది.
బొంగు మీద నిలబెట్టి పైనుంచి కట్టెతోని మొత్తుతం.
ఇది మాదే."

మచ్చ?
"పచ్చి బొంగు పసరు.
మేం పోయినా అది పోదు."

అప్పుడు పిడి పట్టుకున్నది. ఆగింది.
తిప్పి మళ్ల పట్టుకున్నది.
"నాకు ఒదుగుతలేదు.
బొటనవేలు గుంత గీ పక్కకున్నది చూడు,
వాటం గూడ గిటే దీసిండ్రు.
ఎవలో పుర్రచేతి మనిషి."

బద్దలు చీరుకుంటనే చెప్పింది:
పుర్రచేత్తోని అల్లితే గంప చుట్టు తిరగబడుతదట.
సంతల అమ్మనీకె పెడితే
పట్టి చూసి పక్కకు పెట్టేటోళ్లట.
"అసొంటి చెయ్యికి కొలత దీసి
కత్తి చేసిచ్చినోడు, ఎవడో గని..."
బద్ద చిట్లింది. మాట అక్కడనే ఇడిసిపెట్టింది.

ఇంటికొచ్చి కిరాణా కొట్ల మళ్ల తూకమేసిన.
ఆరువందల పన్నెండు.
తుప్పుకు గూడ పైసలు కట్టిన అన్నమాట,
ఇరవై ఎనిమిది గ్రాములు
మోరీల పోసిన.

మూడు చుక్కలు ఎవలివో ఇంకా ఎరుక లేదు.

పిడికి ఆముదం రాసి పండుకున్న.
నడిరాత్రి లేచి, లైటెయ్యకుంట,
ఎడమచేత్తోని పట్టుకున్న.
బొటనవేలు తడుముకుంట పోయి గుంతల కూసున్నది.

ఇంకా కొంచెం
లోతు మిగిలింది.